కాగితం మీద కోట్లు – 11: ఖజానాలో నీ పేర ఖాతా ఉందట!

గత వారం పారిస్ వీధుల్లో జాన్ లా నోట్ల వెంట జనం పరుగులు చూశాం. 1720లో ఆయన చేసింది, ఖజానాలో ఉన్న నాణేనికి మించి కాగితాలు అచ్చువేసి జనం చేత నమ్మించడం. ఈ వారం కథలో నమ్మకం ఎదురు దిశలో నడుస్తుంది. ఇక్కడ సర్కారు నా దగ్గర డబ్బు లేదు మొర్రో అంటుంది. జనమే, కాదు ఉంది, నా పేరునే ఉంది, దాచిపెట్టావు అంటారు. అనడంతో ఆగకుండా ఆ దాచిన ఖాతా మీద చెక్కులు రాసి ఇంటి అప్పులూ కారు వాయిదాలూ క్రెడిట్ కార్డు బాకీలూ తీర్చబోతారు. కథ జరిగింది అమెరికాలో.

మొదట మిన్నెసోటా రాష్ట్రంలోని క్రెడిట్ రివర్ అనే పల్లెటూరి టౌన్‌షిప్‌కి వెళ్ళాలి. 1968 డిసెంబరు. అక్కడి జస్టిస్ ఆఫ్ ది పీస్ పేరు మార్టిన్ మహోనీ. ఆ పదవిని మన పాత గ్రామ మునసబు కోర్టుతో పోల్చుకోవచ్చు: చిన్న చిన్న తగాదాలు వినడమే పని. ఆయన ముందుకు ఒక బ్యాంకు దావా వచ్చింది. జెరోమ్ డేలీ అనే లాయరు 1964లో ఇల్లు తాకట్టు పెట్టి 14,000 డాలర్లు తీసుకున్నాడు, వాయిదాలు ఎగ్గొట్టాడు. బ్యాంకు ఇంటిని వేలంలో తనే కొనుక్కుని, ఇక ఖాళీ చేయమంటోంది. డేలీ తన కేసు తనే వాదించుకున్నాడు. బ్యాంకు నాకు తన సొమ్మేమీ ఇవ్వలేదు, పుస్తకంలో ఒక పద్దు రాసి దాన్నే అప్పు అంది, తను ఏమీ పోగొట్టుకోలేదు కాబట్టి నేను తిరిగి ఇవ్వాల్సిందీ లేదు, అన్నది ఆయన వాదన. బోనెక్కిన బ్యాంకు అధ్యక్షుడు, అవును, పద్దు రాసే ఇచ్చాం, అదే బ్యాంకుల పద్ధతి అని ఒప్పుకున్నాడు. పన్నెండుమంది జ్యూరీ డేలీ వైపు తీర్పు చెప్పింది.

బ్యాంకు అప్పీలుకు వెళ్ళబోయింది. అప్పీలు రుసుము రెండు డాలర్లు. ఎవరి జేబులోనైనా ఉండే రెండు ఒక డాలరు నోట్లు కట్టారు. మహోనీ వాటిని తీసుకోనన్నాడు. అవి అమెరికా కేంద్ర బ్యాంకైన ఫెడరల్ రిజర్వ్ నోట్లు, రాజ్యాంగం చెప్పిన అసలు డబ్బు కాదు, రుసుము కట్టినట్టు కాదు, అప్పీలు లేదు, పొమ్మన్నాడు. దేశమంతా ఆ నోట్లతోనే పాలు, పెట్రోలు కొనుక్కుంటుంటే ఒక్క ఆ గదిలో అవి చెల్లలేదు.

ఆ తీర్పు నిలవలేదు. మహోనీ 1969 ఆగస్టులో చనిపోయాడు. డేలీ లాయరు పట్టాను 1971లో మిన్నెసోటా సుప్రీంకోర్టు ఊడబెరికింది. అయినా ఆ తీర్పు ప్రతి చేతులు మారుతూనే పోయింది. అందులో ఒక నిజం ఉండడమే దానికి కారణం. బ్యాంకు అప్పిచ్చినప్పుడు ఎవరో దాచుకున్న డబ్బుకట్ట తీసి ఇవ్వదు, కొత్త డిపాజిట్టు పుట్టిస్తుంది. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండే 2014లో తన త్రైమాసిక పత్రికలో ఈ సంగతిని విడమరచి రాసింది. డేలీ దాచిన మాట ఒక్కటే. ఆ పద్దును నిజమైన డబ్బులాగే ఖర్చుపెట్టుకోవచ్చు.

ఈ వారం చూడబోయే మాయలన్నీ ఇలాగే ఉంటాయి. ఒక్కో ఇటుకా విడిగా చూస్తే నిజమైనదే. మేడే అబద్ధం.

రెండో ఇటుక 1933 నాటిది. మాంద్యం మధ్యలో గద్దెనెక్కిన రూజ్‌వెల్ట్ ఏప్రిల్ 5న, జనం తమ దగ్గరున్న బంగారు నాణేలు, కడ్డీలు మే 1 లోపు అప్పగించాలని హుకుం జారీ చేశాడు. వంద డాలర్ల విలువ వరకు నాణేలు ఉంచుకోవచ్చు. మిగతాదానికి ఔన్సుకు 20.67 డాలర్ల చొప్పున కాగితపు డబ్బు ఇచ్చారు. అయితే అప్పటి అప్పు పత్రాల్లో చాలావాటిలో బంగారపు షరతు ఉండేది: ఇన్ని డాలర్లు, ఫలానా బరువూ ఫలానా మచ్చూ ఉన్న బంగారు నాణెంలోనే తీర్చాలి అని. జూన్ 5న కాంగ్రెస్ 192వ నంబరు ఉమ్మడి తీర్మానంతో ఆ షరతును కొట్టేసింది. చెలామణీలో ఉన్న ఏ చట్టబద్ధమైన డబ్బుతోనైనా డాలరుకు డాలరు లెక్కన తీరిస్తే చాలు. 1934 జనవరిలో బంగారం ధర 35 డాలర్లకు పెంచారు. ఆ షరతు ఉండి ఉంటే 100 డాలర్లు బాకీ ఉన్నవాడు 169 డాలర్లు కట్టుకోవాల్సి వచ్చేది. పత్రం పట్టుకుని కోర్టుకెక్కిన అప్పులవాళ్ళకి 1935 ఫిబ్రవరి 18న సుప్రీంకోర్టు అయిదుగురికి నలుగురి తేడాతో మొండిచెయ్యి చూపింది.

అంటే ఆ తీర్మానం బాకీదారును నిజంగానే ఆదుకుంది. రహస్యంగా ఏమీ కాదు, పత్రికల మొదటి పేజీల్లో, అందరి కళ్ళ ముందే. అరవై ఏళ్ళ తర్వాత మరో రకం పాఠకులు దాన్ని తీసి చదివి ఇలా అర్థం చెప్పారు: బంగారం తీసేసుకున్నాక జనానికి అప్పు తీర్చుకునే అసలు డబ్బే లేకుండా పోయింది, కాబట్టి జనం బాకీలన్నీ తనే తీరుస్తానని సర్కారు ఆ తీర్మానంలో మాట ఇచ్చింది. మరి సర్కారుకు డబ్బెక్కడిది? దివాలా తీసిన అమెరికా విదేశీ బ్యాంకర్ల దగ్గర తన పౌరులను కుదువపెట్టింది. పుట్టిన ప్రతి బిడ్డ మీదా ఒక బాండు రాసింది. ఆ బాండు కాగితమే జనన ధ్రువపత్రం. బిడ్డ పేరును పెద్ద అక్షరాల్లో రాసి దానితో ఒక కాగితపు మనిషిని పుట్టించింది, ఆ మనిషి పేర ఖజానాలో ఖాతా తెరిచింది. అందులో 6,30,000 డాలర్లు ఉంటాయని ఒకరు, కాదు కోట్లలోనే అని మరొకరు. ఖాతా నంబరు సోషల్ సెక్యూరిటీ నంబరే, మధ్య గీతలు తీసేస్తే చాలు. అప్పులన్నీ ఆ కాగితపు మనిషివి. రక్తమాంసాలున్న నువ్వు అతన్ని విడిపించుకుని స్వాధీనం చేసుకుంటే ఖాతా నీదే.

నవ్వొస్తుంది. కానీ 1933 అనే ఏడు ఎంత చిత్రంగా కలిసొచ్చిందో చూడండి. పుట్టుకల నమోదుకు అమెరికా జనాభా లెక్కల శాఖ 1915లో పది రాష్ట్రాలతో ఒక ఏర్పాటు మొదలుపెట్టింది. పసిపిల్లలు ఎంతమంది చనిపోతున్నారో తెలియాలంటే ముందు ఎంతమంది పుడుతున్నారో తెలియాలి కదా, అదీ ఉద్దేశం. ఒక్కో రాష్ట్రమే చేరుతూ చివరికి టెక్సస్ చేరేసరికి 1933 వచ్చింది. అప్పటికి 48 రాష్ట్రాల్లోనూ బిడ్డ పుడితే కాగితం పుట్టడం మొదలైంది. బంగారం పోయిన ఏడూ జనన పత్రాలు దేశమంతా అల్లుకున్న ఏడూ ఒకటే! రెండేళ్ళకు సోషల్ సెక్యూరిటీ చట్టం, ఆ మరుసటి ఏడే మనిషి మనిషికీ నంబరు. ఇక ఆ ధ్రువపత్రాలను దొంగ నకళ్ళు తీయకుండా నోట్లు అచ్చువేసే తరహా కాగితం మీద, అంచున సన్నని అల్లిక నగిషీతో, ఎర్ర నంబరుతో అచ్చువేసిన రాష్ట్రాలున్నాయి. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే అది బాండులాగే కనిపిస్తుంది. కుట్ర వెతుక్కునేవాడికి కాకతాళీయం దొరికినంత సులువుగా మరేదీ దొరకదు.

అయినా ఇటుకలు ఊరికే మేడ కావు. కట్టాలన్న అవసరం రావాలి. ఆ అవసరం 1980ల్లో అమెరికా రైతుకు వచ్చింది.

అంతకు ముందు దశకంలో పొలం కంచెల దాకా విత్తండి అని వ్యవసాయ మంత్రి ఎర్ల్ బట్జ్ ఊదరగొట్టాడు. భూమి ధర ఏటేటా పెరుగుతుంటే బ్యాంకులు ఆ భూమి మీదే కొత్త ట్రాక్టరుకూ కొత్త పొలానికీ పిలిచి అప్పులిచ్చాయి. 1979లో ఫెడరల్ రిజర్వ్ ద్రవ్యోల్బణం మీద యుద్ధం ప్రకటించింది. 1980 డిసెంబరుకల్లా బ్యాంకుల ప్రైమ్ రేటు 21.5 శాతానికి ఎగబాకింది. అదే ఏడు జనవరిలో, అఫ్గానిస్థాన్ మీదికి సైన్యాన్ని పంపినందుకు కార్టర్ సోవియట్లకు ధాన్యం అమ్మకాలు ఆపేశాడు. పంట ధర పడింది, వడ్డీ పెరిగింది, తాకట్టులో ఉన్న భూమి విలువ అయోవాలాంటి చోట్ల సగానికి మించి కుంగింది. గుత్తకు తీసుకున్నది కాదు, తాతలనాటి సొంత పొలమే వేలానికొచ్చింది. 1985 డిసెంబరులో అయోవాలోని హిల్స్ అనే ఊరి చుట్టుపక్కల అప్పుల్లో మునిగిన ఒక రైతు భార్యనూ బ్యాంకు అధ్యక్షుణ్ణీ పొరుగు రైతునూ కాల్చి చంపి తనను తాను కాల్చుకున్నాడు.

ఇక్కడ ఒక పక్కమాట. మన దగ్గర అప్పుల రైతు కథలో రుణమాఫీ అనే నిజమైన తలుపు ఒకటుంది. 1990లో వి.పి.సింగ్ ప్రభుత్వం, 2008లో యూపీఏ, 2014లో తెలుగు రాష్ట్రాలు రెండూ, 2024లో తెలంగాణ దాన్ని తెరిచాయి. అందరికీ అందిందా, సరిపోయిందా అన్నది వేరే తగాదా. కానీ తన అప్పును సర్కారు చేత తీర్పించుకోవాలంటే ఎవరి ముందు ధర్నా చేయాలో ఇక్కడి రైతుకు తెలుసు. 1980ల డకోటా రైతుకు అలాంటి తలుపు కనబడలేదు. ఉన్న తలుపు ఎక్కడో దాచారని చెప్పేవాడు మాత్రం దొరికాడు. ఆ సిద్ధాంతానికి అంత గిరాకీ అందుకే వచ్చిందని నా అభిప్రాయం.

చెప్పినవాళ్ళు మంచివాళ్ళు కారు. పాసీ కమిటాటస్ అనే ముఠా అప్పటికే ఆ పల్లెల్లో తిరుగుతోంది. దాని సిద్ధాంతకర్త విలియం పాటర్ గేల్, మాజీ సైనికాధికారి. కౌంటీ షెరీఫును మించిన ప్రభుత్వం లేదు, ఫెడరల్ రిజర్వ్ అంతా యూదు బ్యాంకర్ల కుట్ర, అసలైన పౌరులు తెల్లవాళ్ళే అన్నది వాళ్ళ బోధ. ఆ ముఠా మనిషి గోర్డన్ కాల్ అనే నార్త్ డకోటా రైతు 1983 ఫిబ్రవరిలో మెడీనా దగ్గర తనను అరెస్టు చేయవచ్చిన ఇద్దరు ఫెడరల్ మార్షళ్ళను కాల్చి చంపాడు, జూన్‌లో ఆర్కాన్సాలో తనూ కాల్పుల్లో పోయాడు. గేల్ వర్గంలో తిరిగిన రోజర్ ఎల్విక్ కూడా నార్త్ డకోటా మనిషే. అతను తుపాకీ పట్టలేదు, చెక్కుబుక్కు పట్టాడు. ఒక ట్రస్టు పేరు పెట్టి, దాని మీద రైతులు రాసుకునేందుకు డ్రాఫ్టులు పంచాడు. అవి చెల్లక జైలుకెళ్ళాడు. 1990లు ముగిసేసరికి బయటికొచ్చి, ఈసారి ట్రస్టుకు బదులు ఏకంగా అమెరికా ఖజానానే చూపించాడు. కాగితపు మనిషి, రహస్య ఖాతా, విడుదల అన్న మూడు ముక్కలనూ కలిపి కుట్టి ఊరూరా తరగతులు పెట్టిన ఘనత ఎక్కువగా ఇతనిదే. 2005లో ఒహాయోలో ఫోర్జరీ నేరం ఒప్పుకుని మళ్ళీ లోపలికి వెళ్ళాడు.

ఈ మధ్యలో రెండు సంఘటనలు చెప్పకుండా ముందుకు పోలేం. టెర్రీ నికల్స్ అనే మిషిగన్ రైతుబిడ్డ 17 వేల డాలర్ల పైచిలుకు క్రెడిట్ కార్డు బాకీని, విస్కాన్సిన్‌లోని ఒక బృందం దగ్గర సంపాదించిన ఉత్తుత్తి చెక్కుతో తీర్చబోయాడు. బ్యాంకు తిప్పికొట్టింది, కోర్టులోనూ ఓడాడు. 1995 ఏప్రిల్ 19న ఒక్లహోమా సిటీలో 168 మందిని చంపిన బాంబు కుట్రలో ఇతను రెండో ముద్దాయి. మరుసటి ఏడు మోంటానా రాష్ట్రంలోని జోర్డన్ దగ్గర ఫ్రీమెన్ అనేవాళ్ళు ఒక పశువుల రాంచ్‌లో తమదే వేరే రాజ్యమని బోర్డు కట్టుకుని కూచున్నారు. నాయకుడు లెరాయ్ ష్వైట్జర్ ఒకప్పుడు పొలాల మీద విమానంతో మందు చల్లేవాడు. పన్నులు కట్టలేదని ఆ విమానాన్ని పన్నుల శాఖ పట్టుకుపోయింది. అక్కడి నుంచి అతను చెక్కుల గురువయ్యాడు. బాకీ పదివేలుంటే ఇరవైవేలకు చెక్కు రాయి, మిగతాది నగదుగా తిరిగిమ్మని అడుగు అన్నది అతని పాఠాల్లో ఒకటి. నేర్చుకోవడానికి దేశం నలుమూలల నుంచి వందలమంది వచ్చారు. ఎఫ్‌బీఐ 81 రోజులు చుట్టుముట్టి, ఒక్క తూటా పేలకుండా 1996 జూన్ 13న అందర్నీ బయటికి రప్పించింది. ష్వైట్జర్‌కు 22 ఏళ్ళ శిక్ష పడింది. 2011లో జైల్లోనే పోయాడు. ఉత్తుత్తి ప్రభుత్వ పత్రాలు సృష్టించడాన్నే ప్రత్యేక నేరం చేస్తూ, 25 ఏళ్ళ దాకా శిక్ష వేయగల చట్టం కూడా 1996లోనే వచ్చింది.

ఇక అసలు తంతు ఎలా నడుస్తుందో దగ్గరికెళ్ళి చూద్దాం. కరెంటు బిల్లో, కారు అప్పు నోటీసో వస్తుంది. దాన్ని చింపకూడదు, తగాదా పడకూడదు. బిల్లు మీద ఐమూలగా 'విలువకై అంగీకరించాను' అన్న అర్థం వచ్చే ముక్క రాయాలి. కింద సంతకం, తేదీ, గీతలు లేని సోషల్ సెక్యూరిటీ నంబరు. సిరా ఏ రంగుండాలన్నది ఒక్కో గురువుది ఒక్కో శాస్త్రం. కొందరు వేలిముద్ర కూడా వేయిస్తారు, కొందరు మూలన తపాలా బిళ్ళ అంటించి దాని మీద సంతకం చేయిస్తారు. తర్వాత దాన్ని వాషింగ్టన్‌లోని ఖజానా కార్యదర్శికి రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి. ఆయన ఖాతాలోంచి కోసి అప్పులవాడికి జమ చేస్తాడట.

దీనికి ముందు మరో మెట్టుంది. అమెరికా రాష్ట్రాలన్నింటిలో వ్యాపార లావాదేవీలకు యూసీసీ అనే ఉమ్మడి చట్టస్మృతి ఉంది. దాని కింద, ఫలానావాడి ఆస్తి మీద నాకు తాకట్టు హక్కుంది అని అప్పిచ్చినవాడు రాష్ట్ర కార్యాలయంలో ఒక ఫారం దాఖలు చేస్తాడు. గుమాస్తా పని ఫారంలో గళ్ళు నిండాయా, రుసుము కట్టారా అని చూడడం వరకే. లోపల రాసింది నిజమా కాదా అని విచారించడు. మరి మన శిష్యుడేం చేస్తాడు? పెద్ద అక్షరాల్లో ఉన్న తన పేరు మీద, చిన్న అక్షరాల్లో ఉన్న తనే తాకట్టు హక్కు దాఖలు చేస్తాడు! గుమాస్తా ముద్ర కొట్టి నంబరు వేసి తిరిగిస్తాడు. సర్కారు ముద్ర పడింది కాబట్టి సర్కారు ఒప్పుకున్నట్టే అనుకుంటూ ఇంటికొస్తాడు.

హుండీలతో పరిచయమున్న మన షావుకార్లు ఆ 'అంగీకరించాను' చూస్తే గతుక్కుమంటారు. హుండీ ఎవరి మీద రాశారో ఆ మనిషి దాని మీద అంగీకారం రాశాడంటే, గడువుకు ఆ సొమ్ము నేనే కడతానని పూచీ పడ్డట్టు. మన 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో ఉన్నదీ అదే. ఖజానా మీదికి నెడుతున్నాననుకుంటూ ఆ అమాయకుడు చేసేది, ఈ బాకీ నాదే మహాప్రభో అని తన చేతివ్రాతతో రాసి పంపడం.

మరి ఇన్నేళ్ళుగా ఒక్కరికీ పని చేయకపోతే ఎందుకు నమ్ముతారు? ఆ ప్రశ్నకు జవాబు బ్యాంకుల దగ్గరే ఉంది. చెక్కు వేస్తే డబ్బు వసూలయ్యేదాకా వారాలకొద్దీ ఖాతాదారుణ్ణి ఆపకూడదని అమెరికాలో 1987 నాటి చట్టం చెబుతుంది. నిర్ణీత రోజుల్లో ఆ మొత్తాన్ని వాడుకోనివ్వాలి. అవతలి బ్యాంకు నుంచి చెల్లదన్న కబురు తర్వాత వస్తుంది. ఆ రెండు మూడు రోజులు బాకీ సున్నా అయినట్టు తెర మీద కనిపిస్తుంది. శిష్యుడు ఆ తెరను ఫొటో తీసి గురువుకు పంపుతాడు. గురువు దాన్ని వచ్చే తరగతిలో చూపిస్తాడు. నాలుగో రోజు బాకీ జరిమానాతో సహా తిరిగొచ్చిన ఫొటో ఎవరూ తీయరు. పన్నుల శాఖలోనూ ఇంతే. బాండ్ల వడ్డీ చూపించే 1099-ఓఐడీ అనే ఫారంలో తన అప్పులనే, ముందే కోసిన పన్నుగా రాసి వాపసు అడిగినవాళ్ళలో కొందరికి, తనిఖీ జరిగేలోపే నిజంగా చెక్కులొచ్చాయి. ఆ సొమ్ము తర్వాత కక్కించారు, కొందరిని జైలుకీ పంపారు. కానీ 'నా బావమరిదికి వచ్చింది' అన్న ఒక్క మాటకున్న బలం ఏ హెచ్చరికకూ లేదు.

ఆ సందు ఎంత పెద్దదో 2017 వేసవిలో టెన్నెసీ రాష్ట్రం నాక్స్‌విల్‌లో తెలిసింది. ఒకాయన ఇంట్లో కూచుని, ఖాతా నంబరు గడిలో తన సోషల్ సెక్యూరిటీ నంబరు, బ్యాంకు గుర్తు గడిలో ఫెడరల్ రిజర్వ్ శాఖ నంబరు కొట్టి, ఆన్‌లైన్‌లో ఫిక్స్‌డ్ డిపాజిట్లు కొన్నాడు. యంత్రం ఒప్పుకుంది. మొత్తం 3 కోట్ల 10 లక్షల డాలర్ల డిపాజిట్లు! సొమ్ము రాలేదన్న సంగతి బయటపడేలోపే కొన్ని రద్దు చేసి నగదుగా మార్చుకుని, దాదాపు 5 లక్షల డాలర్లు పోసి ఒక మోటారు హోమ్ కొన్నాడు. అందులో బయల్దేరబోతుండగా ఎఫ్‌బీఐ వచ్చింది. వెనక ఉండి నడిపించిన హెదర్ టుచీ-జరాఫ్ మాజీ లాయరు. 2012 క్రిస్మస్ రోజున లోకంలోని బ్యాంకులూ ప్రభుత్వాలూ అన్నీ తను దాఖలు చేసిన యూసీసీ ఫారాలతో జప్తయిపోయాయని ప్రకటించిన మనిషి. ఆయనకు 155 నెలలు, ఆమెకు 57 నెలలు శిక్ష పడింది. ఫెడరల్ రిజర్వ్ బ్యాంకుల్లో వ్యక్తుల ఖాతాలు ఉండవని ఆ రోజుల్లో ఆ సంస్థ పదే పదే చెప్పుకోవాల్సి వచ్చింది. ట్రెజరీడైరెక్ట్ అన్న పేరుతో జనం బాండ్లు కొనుక్కునే అసలైన సర్కారీ సదుపాయం 2002 నుంచి ఉండడం గందరగోళాన్ని మరింత పెంచింది.

గురువుల్లో పెద్దవాడు ఓరెగాన్‌కు చెందిన విన్‌స్టన్ ష్రౌట్. అతను రాసిన 300 పైచిలుకు పత్రాల మొత్తం 100 లక్షల కోట్ల డాలర్లు దాటింది. ఆ కాలపు అమెరికా ఏడాది జీడీపీకి అయిదింతల పైమాటే. తరగతుల ఫీజు మాత్రం అతను ఆ పత్రాల్లో తీసుకోలేదు. 2017లో దోషిగా తేలాడు, 2018లో పదేళ్ళ శిక్ష పడింది. లొంగిపోవాల్సిన రోజున మాయమై, 2019 నవంబరులో అరిజోనాలో దొరికాడు.

జైళ్ళు ఈ విద్యకు విశ్వవిద్యాలయాలయ్యాయి. తెల్ల జాత్యహంకారుల కొలిమిలో పుట్టిన సిద్ధాంతాన్ని అక్కడ నల్లజాతి ఖైదీలు కూడా అందుకుని, మూరిష్ అనే తమ సొంత శాఖగా మార్చుకున్నారు. గేల్ బతికి ఉంటే ఏమనేవాడో! శిక్ష వేసిన జడ్జీ ఇంటి మీద, ప్రాసిక్యూటరు ఇంటి మీద కోట్ల డాలర్ల బాకీ ఉన్నట్టు యూసీసీ ఫారాలు దాఖలు చేయడం మొదలైంది. ఇల్లు అమ్మబోయినప్పుడుగానీ ఆ జడ్జీకి విషయం తెలియదు. 2007 నాటి న్యాయస్థానాల భద్రతా చట్టం దీనికి పదేళ్ళ దాకా శిక్ష పెట్టింది. ఖైదీల గదుల్లోంచి ఆ ఫారాలను పెన్సిల్వేనియా జైలు అధికారులు జప్తు చేస్తే, అది సరైనదేనని 2008లో అప్పీలు కోర్టు చెప్పింది.

సరిహద్దులు దాటడం ఆలస్యం కాలేదు. కెనడాలోని అల్బర్టాలో ఒక విడాకుల కేసులో భర్త ఇదే ఖాతా పాట పాడితే, న్యాయమూర్తి జాన్ రూక్ 2012 సెప్టెంబరులో 700 పేరాలకు పైబడిన తీర్పు రాసి, ఈ వాదాల వంశవృక్షం మొత్తం విప్పాడు. చివర్లో ఆయన శిష్యులకు కొన్ని ప్రశ్నలు రాసిచ్చాడు, మీ గురువుల్ని అడగండి అని. అంతులేని సంపద తాళంచెవి చేతిలో ఉన్నవాళ్ళ దగ్గర పెద్దగా ఆస్తులెందుకు లేవన్నది అందులో ఒకటి. రష్యాలో కథ వేరే నంబరెక్కింది. 1998లో వెయ్యి పాత రూబుళ్ళను ఒక కొత్త రూబులు చేశాక కరెన్సీ కోడు 810 పోయి 643 వచ్చింది, కానీ బ్యాంకు ఖాతా నంబర్లలో పాత 810 అలాగే మిగిలింది. ఇంకేముంది, లేని డబ్బులో ఇచ్చిన అప్పు కాబట్టి తీర్చనక్కర్లేదని, తాము ఇంకా సోవియట్ పౌరులమేనని చెప్పుకునేవాళ్ళు బయల్దేరారు. ఇండొనేసియాలో సుకర్ణో దాచిన బంగారం అనే పాత పుకారు మీద యూఎన్ స్విస్‌ఇండో అనే బృందం లేచి, జనానికి అప్పు మాఫీ పత్రాలు పంచింది. 2017 ఆగస్టులో ఆ బృందం ఇచ్చిన వోచర్లు పట్టుకుని జనం బ్యాంక్ మాందిరీ శాఖల ముందు గుమిగూడారు. మాకేమీ తెలియదని బ్యాంకు మొత్తుకుంది. 2018లో నాయకుణ్ణి పోలీసులు పట్టుకున్నారు.

మన దగ్గర జనన ధ్రువపత్రం ఇంకా బాండు కాలేదు. కానీ బియ్యపు గింజల్ని లాగే మహిమ ఉందంటూ అమ్మే రైస్ పుల్లింగ్ చెంబు పేరుతో మోసపోయినవాళ్ళు హైదరాబాద్ చుట్టుపక్కల ప్రతి ఏటా పోలీసు స్టేషన్‌కెక్కుతూనే ఉన్నారు. దానికి పొరుగు రాష్ట్రం తమిళనాడులో ఇరీడియం అమ్మిన వేల కోట్లు రిజర్వు బ్యాంకులో ఇరుక్కుపోయాయి, విడిపించడానికి చార్జీలు కడితే వాటా ఇస్తాం అనే పై అంతస్తు కూడా కట్టారు. వ్యక్తుల పేరా ట్రస్టుల పేరా పంచిపెట్టే సొమ్ము తమ దగ్గర ఏ ఖాతాలోనూ ఉండదని రిజర్వు బ్యాంకు చాలాసార్లు ప్రకటనలిచ్చింది. మోసగాళ్ళు చూపించే కాగితాల మీద గవర్నరు సంతకం, సింహాల ముద్ర కూడా ఉంటాయి. ఆ కాగితం చూపించి వాళ్ళు అడిగేది మాత్రం యూపీఐలో పంపమని.

(వచ్చే వారం: 1925 లిస్బన్. అసలు నోట్లు అచ్చువేసే కంపెనీ చేతనే దొంగ నోట్లు అచ్చువేయించిన అల్వెస్ రెయిస్.)